బంతి యెవరిది?

మన పాఠశాల బాస్కెట్‌బాల్ కోర్టు చుట్టును వేయు సున్నపుగీత వెడల్పు 5 సెంటీమీటర్లు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఈ కొలత గీతయొక్క లోపలి అంచునుండి లోపలి అంచువఱకే గాని, గీత అందులో చేరదు. ఆటను నిత్యము చూచువారు సయితము ఈ సంగతిని గమనించినట్లు కనబడదు. వాలీబాల్‌లో గీతపై బడిన బంతి లోపలిదే. టెన్నిసులోను అంతే. ఫుట్‌బాల్‌లోనైతే బంతి గీతను పూర్తిగా దాటినగాని బయటికి పోయినట్లు కాదు. ఈ యాటలకు అలవాటుపడిన బాలుడు బాస్కెట్‌బాల్ కోర్టులో అడుగుపెట్టి, బంతి చేతనుండగా బూటుమడమకు సున్నము తగిలినంతమాత్రమున ఈల మ్రోగుట చూచి, తనకేదో అన్యాయము జరిగినదని తలచును. అన్యాయమేమియు లేదు. ఈ యాటలో గీత మన యూరిది కాదు, పొరుగూరిది.

నేను ఈల చేతబట్టి పదునాఱు సంవత్సరములైనది. ఈ కాలములో హద్దుగీతయొద్ద వచ్చినన్ని తగవులు మఱి యెచ్చటను రాలేదు. ఫౌలు విషయమున బాలురు కొంత గొణిగి యూరకుందురు. బంతి బయటికి పోయినప్పుడుమాత్రము పదిమందియు ఒక్కసారి చేతులు చాపి, అయిదుగురు తూర్పును, అయిదుగురు పడమరను చూపుదురు. గత సంవత్సరము మన మైదానమున జరిగిన అంతర్‌పాఠశాలల పోటీలో అట్టి బంతినిగూర్చి నేనిచ్చిన తీర్పు కొందఱు తలిదండ్రులకు నచ్చలేదు. మూడు లేఖలు వచ్చినవి. వానికి విడివిడిగా ప్రత్యుత్తరములు వ్రాసితిని గాని, విషయము నలుగురికిని సంబంధించినది గనుక ఈ సంచికలోను వ్రాయుట మంచిదని తోచినది. అయితే ఆ కథ చెప్పుటకు ముందు నిబంధన తెలియవలెను. నిబంధన తెలియనిచో నన్ను మెచ్చుకొనినవారి మెప్పునకును, నిందించినవారి నిందకును విలువ యొక్కటే.

బంతి హద్దును సమీపించినప్పుడు రెఫరీ యెదుట రెండు ప్రశ్నలుండును. బంతి బయటికి పోయినదా యనునది మొదటిది. పోయినచో ఎవరివలన పోయిన దనునది రెండవది. మొదటిది చూచుటకు కఠినముగ నుండును గాని నిజమునకు సులభము. రెండవది చూచుటకు సులభముగ నుండి ప్రాణములు తీయును.

మొదటి ప్రశ్నకు ఆధారము తాకుట యొక్కటే. గీతనుగాని, గీతకు ఆవలి నేలనుగాని, అచ్చటనున్న మనిషినిగాని, వస్తువునుగాని తాకినప్పుడే బంతి బయటిదగును. గాలిలో గీతను దాటి ఎంతదూరము పోయినను, దేనిని తాకకమునుపే యెవరైనను దానిని లోపలికి మరల్చిరేని ఆట సాగుచునే యుండును. ఫుట్‌బాల్‌లో అట్లు కాదు. అచ్చట గాలిలోనైనను సరే, బంతి గీతను సంపూర్ణముగ దాటెనా, ఆట నిలిచిపోవును. బాస్కెట్‌బాల్‌లో హద్దులు నేలకేగాని గాలికి లేవు.

ఆటగాని సంగతియు నిట్టిదే. వాడు గీతనో గీతకు ఆవలనో తాకుచున్నంతవఱకు బయటివాడు. మఱి గాలిలో నున్నవాని మాటయేమి? ఎగిరినవాడు ఏ నేలను విడిచెనో ఆ నేలవాడే. లోపలినుండి ఎగిరినవాడు తిరిగి నేలపై కాలు మోపువఱకు లోపలివాడు. బయటినుండి ఎగిరినవాడు కోర్టు నడుమ గాలిలో నున్నను బయటివాడే. మన పురాణములలోని త్రిశంకునివలె ఇటు భూమికిని అటు స్వర్గమునకును చెందక వ్రేలాడుట ఈ యాటలో లేదు. ఈ యొక్క వాక్యము కంఠస్థమైనచో బాలురకు సగము సందేహములు తీరును. బంతి గీతను దాటి పోవుచుండగా చుఱుకైన బాలుడు లోపలినుండి లంఘించి, గాలిలోనే దానిని పట్టి వెనుకకు విసరి, తాను బయట పడును. వాడు బయట పడినాడు గనుక బంతియు బయటిదేనని చూచువారు కేకలు వేయుదురు. కాదు. బంతి వాని చేతిని విడిచినప్పుడు వాడింకను లోపలివాడే. అట్లు విసరునప్పుడు లోపలనున్న ప్రతిపక్షపువాని మోకాలికి గురిచూచి కొట్టినచో, అది మోకాలిని తాకి బయటికి పోయినందున బంతి విసరినవాని పక్షమునకే వచ్చును. ఇది మోసమని చిన్నతరగతుల బాలురు ఏడ్చెదరు. మోసము కాదు, యుక్తి. గాయము కానంత మెల్లగా కొట్టవలెనని మాత్రము నేను చెప్పుచుందును.

ఇంకొక సూక్ష్మము. బంతి పట్టుకొని గీతకు లోపల నిలిచిన బాలుని భుజము, ఒక కాలు బయట పెట్టియున్న ప్రతిపక్షపు ఆటగానికి తగిలిన దనుకొందము. వీడు బయటివా డగునా? కాడు. ఆటగాండ్రు ఒకరినొకరు తాకుటవలన హద్దు మాఱదు. అయితే అదే బాలుని భుజము గీతప్రక్కన కుర్చీలో కూర్చున్న మాఱు ఆటగానికి తగిలినచో బంతి బయటిదగును. ఏలయన, కుర్చీలో నున్నంతవఱకు వాడు ఆటగాడు కాడు. నిబంధన దృష్టిలో వానికిని కుర్చీకిని భేదము లేదు. ఈ మాట చెప్పినప్పుడు మాఱు ఆటగాండ్రు చిన్నబుచ్చుకొందురు. రెఫరీకి లభించిన గౌరవమును ఇంతకంటె నెక్కువైనది కాదని వారిని ఓదార్చెదను. బంతి రెఫరీకి తగిలినచో, అతడు నిలిచియున్న నేలకు తగిలినట్లే లెక్క. గీత లోపల నిలిచిన రెఫరీ లోపలి నేల. గీతను త్రొక్కిన రెఫరీ బయటి నేల. అంతియే.

అమెరికా దేశపు హైస్కూలు నిబంధనలలో దీర్ఘచతురస్రపు బోర్డు మీదుగా ఆవలికి దాటిన బంతి బయటిదే. మనము అనుసరించు అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలలో అట్లు లేదు. బోర్డు వెనుకభాగమునో, దానిని నిలుపు కట్టడమునో తాకినప్పుడే బంతి బయటిదగును. రాత్రులు ఫోనులో అమెరికా ఆటలు చూచి, ప్రొద్దున మైదానమునకు వచ్చి నాతో వాదించు బాలురు దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక.

మన మైదానమున మఱియొక విశేషము కలదు. కోర్టుకు ఉత్తరపు మూలనున్న వేపచెట్టు కొమ్మ గీతను దాటి లోపలికి వంగియున్నది. ఎత్తుగ విసరిన బంతి దానిని తాకి, రెండు ఆకులు రాల్చి, కోర్టులోనే పడును. బంతి లోపలనే పడినది గదా యని పిల్లలందురు. కాని కోర్టుకు పైనున్న ఏ వస్తువును తాకినను బంతి బయటిదే యని నిబంధన స్పష్టముగ చెప్పుచున్నది. నిబంధన వ్రాసినవారు కప్పుదూలములను, దీపములను తలచి వ్రాసియుందురు. అయినను వేపకొమ్మయు వస్తువే. కావున పోటీకి ముందు ఇరుపక్షముల నాయకులను ఆ కొమ్మక్రిందికి తీసికొనిపోయి, పైకి చూపి చెప్పుట నా యలవాటు. ఇట్లే గీతచుట్టును 2 మీటర్ల మేర ఖాళీగ నుండవలెనని నిబంధన. మన యూరిలో పోటీనాడు గీతప్రక్కన రెండు జానల ఖాళీ దొరకుట కష్టము. చిన్నపిల్లలు గీతమీదనే కాళ్లు చాపుకొని కూర్చుందురు. ఆట సగమగునప్పటికి సున్నము వారి లాగులకు అంటి, గీత యెచ్చటనున్నదో వారి వరుసనుబట్టి యూహింపవలసి వచ్చును.

ఇక రెండవ ప్రశ్న. ఇది తెలియుటకు కొంత పూర్వచరిత్ర అవసరము.

బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరు నెలలో అమెరికా దేశమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పుట్టినది. కెనడా దేశస్థుడైన జేమ్స్ నెయిస్మిత్ అను నుపాధ్యాయుడు, చలికాలమున నాలుగు గోడలనడుమ ఆడుటకు తగిన ఆట కావలసి, వ్యాయామశాల గ్యాలరీ కటకటాలకు 10 అడుగుల యెత్తున రెండు పండ్లబుట్టలు కొట్టించి, తన తరగతిలోని 18 మందిని తొమ్మిదేసి మందిగ విభజించి ఆడించెను. ఆయన వ్రాసిన పదమూడు నిబంధనలు 1892 జనవరిలో ఆ పాఠశాల పత్రికయందు అచ్చుపడినవి. వానిలో తొమ్మిదవది హద్దు దాటిన బంతినిగూర్చినది. బయటికి పోయిన బంతిని ఎవడు ముందుగ తాకునో వాడే లోపలికి విసరవలెనని దాని సారాంశము. విసరుటకు అయిదు సెకనులు గడువు. తగవు వచ్చినచో అంపైరు తానే తిన్నగ కోర్టులోనికి విసరవలెను. ఆ అయిదు సెకనుల గడువు నేటికిని మాఱకుండ నిలిచియున్నది.

ముందు తాకినవానిదే బంతి యనుట చూచుటకు న్యాయముగనే యున్నది. కాని దానివలన జరిగినదేమనగా, బంతి గీతను దాటగనే పందెము మొదలగును. గ్యాలరీలోనికి పోయిన బంతికొఱకు ఆటగాండ్రు మెట్లెక్కి పరుగులెత్తెడివారట. మెట్లకై కాచుకొనక తోడివారి భుజములపై నెక్కి కటకటాలు దాటినవారును కలరట. గోడలు దగ్గఱగనున్న గదులలో ఈ త్రోపిడులవలన దెబ్బలు తగులుచుండెను. అందుచేత కొన్నిచోట్ల బంతి బయటికే పోకుండ కోర్టుచుట్టును ఇనుపతీగెల వలనో త్రాటివలనో కట్టిరి. పంజరములోని ఆటవలె నుండుటచేత అమెరికా పత్రికలవారు బాస్కెట్‌బాల్ ఆటగాండ్రకు పంజరమువారని పేరు పెట్టిరి. పంజరములు పోయి చాలకాలమైనను ఆ పేరు వార్తలలో చాలయేండ్లు నిలిచినది. ఆట పుట్టిన ఇరువది యేండ్లకు పైబడిన పిమ్మట నిబంధన మాఱినది. బంతి బయటికి పోవుటకు ముందు చివర తాకినవాడెవడో వాని ప్రతిపక్షమునకు బంతి చెందవలెనని నిర్ణయించిరి. మన దేశమునకు వ్యాప్తిచెందిన ఆట ఈ నిబంధనతోడిదే. 1920లో మద్రాసునందు హారీ క్రో బక్ దొర స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమున శిక్షణ పొందిన యుపాధ్యాయులు మిషను పాఠశాలలకు వచ్చి ఈ యాటను నేర్పిరి.

ఈ మార్పువలన పరుగులు, త్రోపిడులు ఆగిపోయినవి. కాళ్లు చేతులు దక్కినవి. కాని ఒక కష్టము తప్పి వేఱొకటి వచ్చినది. పాత నిబంధనలో రెఫరీ చూడవలసినది బంతి బయటికి పోయిన తరువాత జరుగు పని. దానిని మైదానమంతయు చూచుచుండును. క్రొత్త నిబంధనలో చూడవలసినది బయటికి పోకమునుపే జరిగిపోయిన పని. అది జరిగిన క్షణమున దాని ముఖ్యత యెవరికిని తెలియదు. పైగా తాకుట యనునది చర్మమునకు తెలియు విషయము. నిబంధన దానిని కంటిని అడుగుచున్నది.

నాలుగు చేతులు ఒక బంతిపై నుండగా దానిని చివర విడిచిన వ్రేలెవరిదో కంటికెట్లు తెలియును? మాకు తెలిసిన ఉపాయములు కొన్ని కలవు. బంతి త్రోవ వంకర తిరిగినదా చూతుము. దాని గిరగిర తిరుగుట మాఱినదా చూతుము. చప్పుడు విందుము, అరచేతి చప్పుడు వేఱు, వ్రేళ్లకొనల చప్పుడు వేఱు. ఆటగాని ముఖము చూతుము. చేయి చాపి తన దిక్కు చూపుటకు ముందు, అరక్షణముసేపు, తాకినవాని ముఖమున నొక చిన్న మార్పు కానవచ్చును. ఇవి యేవియు నిబంధనల పుస్తకములో లేవు.

బాలుడొకడు బంతిని తట్టుకొనుచు పోవుచుండగా ప్రతిపక్షమువాడు దానిని గట్టిగ కొట్టి బయటికి పంపును. చూచినవారందఱు కొట్టినవానివలననే పోయినదందురు. అయితే కొట్టిన తరువాత ఆ బంతి మొదటివాని వ్రేళ్లకొనలను రాచుకొని పోయియుండవచ్చును. అక్షరము ప్రకారము చివర తాకినవాడు మొదటివాడే. బంతి కొట్టినవాని పక్షమునకు పోవలెను. పెక్కుమంది రెఫరీలు దీనిని పాటింపక, ఎవని బలముచేత బంతి పోయెనో వానివలననే పోయినట్లు తీర్పు చెప్పుట చిరకాలపు అలవాటు. ఇప్పుడు గొప్ప పోటీలలో ఆట చివరి రెండు నిమిషములయందు ఇట్టి బంతిని చలనచిత్రమున మెల్లగ త్రిప్పి చూచుటకు రెఫరీలకు అధికారము వచ్చినది. అట్లు చూచినప్పుడు గోటికొనకు తగిలినదియు స్పష్టముగ కనబడును. అలవాటు ఓడి అక్షరము గెలుచును. మొదటి ముప్పదియెనిమిది నిమిషములు ఒక న్యాయము, చివరి రెండు నిమిషములు ఒక న్యాయముగ నున్నదని కొందఱందురు. నాకుమాత్రము అక్షరమే మేలని తోచును. బలమును కొలుచుటకు పూనుకొన్న రెఫరీ కొంతకాలమునకు ఉద్దేశమును కొలుచును. అటుపిమ్మట గుణమును కొలుచును. తాకెనా లేదా యనుటయే వానికి చాలిన పని.

చూడలేకపోయినప్పుడు ఏమి చేయవలెను? ఇచ్చట నిబంధన నాకు చాల ప్రియమైనది. చివర తాకినదెవరో రెఫరీలకు సందేహమైనను, ఇద్దఱు రెఫరీలకు అభిప్రాయభేదము కలిగినను, ఊహించి చెప్పవలసిన పనిలేదు. రెండు బొటనవ్రేళ్లు పైకెత్తి, తెలియలేదని మైదానమునకంతకు ప్రకటింపవచ్చును. పూర్వము అట్టి సమయమున ఇద్దఱు ప్రతిపక్షులనడుమ బంతిని పైకెగురవేసెడివారు. ఇప్పుడు వంతుల పద్ధతి వచ్చినది. లెక్కలు వ్రాయువారి బల్లపై నొక బాణపు గుర్తుండును. అది యెవరివైపు చూపుచున్నదో వారికి బంతి, మఱుసటి సందేహము రెండవవారికి. నాకు తెలియదని చెప్పుటకు ఇంత గౌరవమైన సంజ్ఞను ఏర్పఱచిన ఆటలు తక్కువ.

ఇప్పుడు గత సంవత్సరపు సంగతి. ఆ పోటీకి నేనొక రెఫరీని. రెండవవారు వచ్చిన పాఠశాలయొక్క వ్యాయామోపాధ్యాయులు. పక్షమున కొక్కరుగ నుండుట మంచి యేర్పాటు కాదని యెఱుగుదుము గాని, మా ప్రాంతమున తటస్థులైన ఇద్దఱిని ఒక్క సాయంకాలమునకు కూర్చుట సులభము కాదు. ఆట ముగియుటకు 38 సెకనులున్నవి. మనకు 41, వారికి 40. వారి బాలుడు గీతయొద్దనున్న తన తోడివానికి బంతి విసరెను. మన పదియవ తరగతి బాలుడొకడు నడుమ ఎగిరెను. బంతి యిద్దఱి చేతులమీదుగ పోయి సున్నముపై పడినది.

నేను ఈల యూదితిని. నాకు కనబడినది మనవాని వీపు. సహరెఫరీగారు బోర్డువైపునుండి చూచుచుండిరి. తమ బాలుని చేతులు బంతికి జానెడు దూరముననే నిలిచిపోయినవని వారికి రూఢిగ తెలియును. మనవాని చేయిమాత్రము ఆ చేతులచాటున పడి కనబడలేదు. మనవాడు తాకియుండనిచో బంతి మనది. తాకియుండినచో వారిది. తెలియనిచో వంతు; బాణము మనవైపు చూపుచుండెను. సందేహముగ ప్రకటింతమని సహరెఫరీగారే అనిరి. అది తమ పాఠశాలకు నష్టమని యెఱిగియే వారు అట్లనిరి. నేను బొటనవ్రేళ్లు ఎత్తబోవుచుండగా మన బాలుడు నా దగ్గఱకు వచ్చి, "మాస్టారూ, బంతి నాకే తగిలిందండీ" అనెను.

నేను సహరెఫరీగారివైపు చూచితిని. వారు తల యూపిరి. బంతిని వచ్చిన పాఠశాలకు ఇచ్చితిని. ఆ బంతితో వారు రెండు పాయింట్లు సంపాదించిరి. మనవారు 41కి 42తో ఓడిరి.

లేఖలలోని మొదటి ఆక్షేపణ యేమనగా, తీర్పు రెఫరీది గాని ఆటగానిది కాదు. కావున ఆటగాని మాట విని తీర్పు చెప్పుట నిబంధనకు విరుద్ధము. తీర్పు రెఫరీదే, సందేహము లేదు. కాని రెఫరీ దేనినిబట్టి సందేహమును తీర్చుకొనవలెనో నిబంధన చెప్పలేదు. మేము ఆటగాని ముఖమును చదువుచున్నామని పైన వ్రాసితిని. దానిని ఎవరును ఆక్షేపింపరు. ముఖము చదువుట తగును, మాట వినుట తగదన్నచో నాకు వింతగ నున్నది. పదిమందియు తమ తమ దిక్కులను చూపునప్పుడు ఆ చేతులనుబట్టి తెలియునది శూన్యము. తనకు నష్టమగు దిక్కును ఒక్కడు చూపినప్పుడు ఏదో కొంత తెలియుచున్నది. న్యాయస్థానములలోను స్వలాభమునకై చెప్పిన మాటకును, స్వనష్టమునకు చెప్పిన మాటకును ఒకే తూనిక వేయరు.

అట్లయినచో ఇకమీదట బాలురు చెప్పినదెల్ల వినవలెనా యని రెండవ లేఖ. అక్కఱలేదు. నేను చూచినదానికి విరుద్ధముగ ఎవడు చెప్పినను, వాడు ఎంత నిజాయితీపరుడైనను, వినను. ఎనిమిదవ తరగతి పోటీలో నొక పిల్లవాడు బంతి తనకు తగిలినదని చెప్పెను. తగిలిన మాట నిజమే. అటుపిమ్మట ప్రతిపక్షమువాని మోకాలికి తగులుట నేను చూచితిని. వాని పక్షమునకే బంతి ఇచ్చితిని. తాకినవానికి తాను తాకుట తెలియును గాని తన తరువాత మఱియెవడైన తాకెనా యనునది తెలియదు. పోటీనాడు మన బాలుని మాట అక్కఱకు వచ్చుటకు కారణము, రెండవవాని చేతులు జానెడు దూరమున నున్నవని సహరెఫరీగారు చూచియుండుటయే. సగము కన్ను చూచినది. మిగిలిన సగము వ్రేలు చెప్పినది.

మఱియొక నియమమును నేను పాటించుచున్నాను. ఏ బాలుని గాని, నీకు తగిలినదా యని నేనై అడుగను. అడిగినచో వాడు అబద్ధమాడుటయో, తన పక్షమును ఓడించుటయో చేయవలసి వచ్చును. పదునైదేండ్ల వానిని, అయిదువందలమంది చూచుచుండగా, అట్టి యిరుకున పెట్టుటకు నా ఈలకు అధికారము లేదు. వచ్చిన పాఠశాల బాలుని గూడ అందుచేతనే అడుగలేదు. తానై వచ్చి చెప్పినవాని మాటకు చెవులు మూసికొనను, అంతియే.

మూడవ లేఖ మన జట్టులోని మఱియొక బాలుని తండ్రిగారిది. ఒకని మనస్సాక్షికి నలుగురు ఏల మూల్యము చెల్లింపవలెనని వారడిగిరి. జూన్ నెలనుండి తెల్లవారుజామున అయిదుగంటలకు లేచి అభ్యసించినవారిలో తమ కుమారుడొకడు. ఈ ప్రశ్న నన్ను చాలదినములు వెంటాడినది. నేను వారికి వ్రాసినది ఇది: బంతి వారిదగుటకు కారణము బాలుని మాట కాదు. అతని మాట బంతిని తాకలేదు. అతని వ్రేలు తాకినది. మాట లేకున్నను ఆ తాకుట జరిగియే యున్నది, మాకు తెలియకుండ నుండెడిది. ఈ సమాధానముతో వారు తృప్తిపడినట్లు లేదు. పాఠశాల దినోత్సవమున కనబడినప్పుడు తమ ఫోనులోని చిత్రమును నాకు చూపిరి. కోర్టు మూలనుండి తీసినది. దానిలో నాలుగు వీపులును, ఒక చెవియు కనబడినవి. నేనును, వారును రెండుసార్లు త్రిప్పి చూచి, నవ్వుకొని, ఫలహారములకు పోయితిమి.

ఆ బాలుని పేరు వ్రాయవద్దని అతడే కోరినాడు. నీకు తగిలినట్లు నీకెట్లు తెలిసినదని ఆట ముగిసిన తరువాత అడిగితిని. "గోరు నొచ్చిందండీ" యని కుడిచేతి నడిమివ్రేలు చూపెను. గోటిక్రింద కొంచెము ఎఱ్ఱగ కమిలియుండెను. జట్టువారు రెండు దినములు అతనితో మాటలాడలేదని తరువాత తెలిసినది. మూడవనాటి ఉదయము అభ్యాసమునకు ఆఱుగురే వచ్చిరి. ఎదురెదురుగ ముగ్గురేసి ఆడవలసి వచ్చినందున అతనిని పిలువక తప్పలేదు.

ఈ సంవత్సరపు పోటీలు జనవరిలో మన మైదానముననే జరుగును. ఆట సగమైనప్పుడు గీతపై తిరిగి సున్నము వేయుటకు తొమ్మిదవ తరగతి బాలురు ఇద్దఱు ఒప్పుకొనిరి. చిన్నతరగతులవారు గీతకు 2 మీటర్ల దూరమున కూర్చుండుటకుగాను త్రాడు కట్టబడును. తలిదండ్రులును ఆ త్రాటికి ఆవలనే యుండ ప్రార్థన. వేపకొమ్మను నఱకింపుమని హెడ్‌మాస్టరుగారిని అడిగితిని. నీడకొఱకు దానిని ఉంచవలెనని వారు సెలవిచ్చిరి. కావున ఆ కొమ్మకు తగిలిన బంతి ఈ యేడును బయటిదే.